నీటిలో చిక్కిన ఎలక్ట్రాను

కేన్సరు రోగికి రేడియేషన్ చికిత్స చేస్తారని మనకు తెలుసు. ఆ కిరణాలు శరీరంలో ఎక్కువగా తాకేది దేనిని? నీటిని! జీవకణంలో అధిక భాగం నీరే మరి. కిరణాల తాకిడికి నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రాను ఊడిపోతుంది. ఆ ఎలక్ట్రానూ, దానితోపాటు పుట్టే చురుకైన ముక్కలూ కణంలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీయగలవు. కేన్సరు కణం చావడానికీ, పక్కనున్న మంచి కణం చెడిపోవడానికీ ఇదొక కారణం. అందుకే ఆ ఎలక్ట్రాను తొలి క్షణంలో ఏం చేస్తుందో తెలుసుకోవడం అవసరం.

1962లో హార్ట్, బోగ్ అనే శాస్త్రజ్ఞులు నీటిలో చిక్కిన ఎలక్ట్రానును గుర్తించారు. అది ఎర్రని కాంతిని బాగా పీల్చుకుంటుంది. అదే దాని ఆనవాలు. కాని అది ఎలా చిక్కుకుంటుందో చూడటానికి ఆనాటి పరికరాల వేగం చాలలేదు.

సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం ఫెమ్టోసెకను. దానిని ఒక సెకనంత సాగదీస్తే, మన సెకను మూడు కోట్ల సంవత్సరాలు దాటిపోతుంది!

ఇంత చిన్న కాలాన్ని కొలిచేదెలా? రెండు లేజరు మెరుపులతో. మొదటిది ఎలక్ట్రానును విడిపిస్తుంది. రెండవది దాని స్థితిని చూపుతుంది. రెండవ మెరుపు దారిని మిల్లీమీటరులో సుమారు మూడువేలవ వంతు పొడిగిస్తే, అది ఒక ఫెమ్టోసెకను ఆలస్యంగా చేరుతుంది. ఈ పద్ధతిలోనే 1987లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. నీటి అణువులు చుట్టూ సర్దుకుని ఎలక్ట్రానును పట్టి ఉంచడానికి పట్టే కాలం సుమారు 240 ఫెమ్టోసెకన్లు.

రసాయన చర్యలను ఇలాంటి మెరుపులతో చూసే విద్యకు బాట వేసి, 1999లో నోబెల్ బహుమతి అందుకున్నవారు ఈజిప్టులోని దమన్‌హూర్‌లో పుట్టిన అహ్మద్ జెవైల్. 2004లో ఆయన బృందం 15 నుంచి 35 నీటి అణువులున్న చిన్న గుంపుల్లో ఎలక్ట్రాను ఎలా కుదురుకుంటుందో పరిశీలించింది. 2016లో ఆయన కన్నుమూశారు.

చిన్నతనంలో జెవైల్ తల్లిగారి కాఫీ పొయ్యికి గాజు గొట్టాలు అమర్చి, కట్టె కాలి వాయువుగా ఎలా మారుతుందో చూశారట. ఇల్లు తగలబడే ప్రమాదం ఉండిందని తరువాత ఆయనే రాసుకున్నారు. ఆయన చదువుకునే గది తలుపు మీద మాత్రం ఇంటివారు పెట్టిన బోర్డు ఒకటి ఉండేది: 'డాక్టర్ అహ్మద్'. డాక్టరేటు అప్పటికి ఎంతో దూరం!

మన పిల్లలు పొయ్యి దగ్గర చేరి "ఇదెందుకు ఇలా అవుతుంది అమ్మీ?" అని అడిగితే, కసిరే ముందు ఆ బోర్డును ఒక్కసారి గుర్తు చేసుకుందాం.