మెజిబిజ్: పన్ను కట్టని వైద్యుడి ఊరు

పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో చార్తోరిస్కీ వంశంవారి పాత దస్త్రాలు భద్రంగా ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎవరుంటున్నారు, ఎవరు ఎంత శిస్తు కట్టాలి, ఎవరికి మినహాయింపు ఉంది... అంతా పోలిష్‌లో వరసగా రాసిపెట్టిన పట్టికలు. ఆ ప్రభువుల ఏలుబడిలో ఉన్న మెజిబిజ్ అనే ఊరి లెక్కలూ అందులో ఉన్నాయి. 1740 నాటి పట్టికలో, యూదు సంఘానికి చెందిన ఒక ఇంట్లో ‘కబాలిస్టు’, అంటే యూదుల మర్మవిద్య కబాలా తెలిసినవాడు, కాపురం ఉంటున్నట్టు రాసి ఉంది. కొన్నేళ్ల తర్వాత ఆ వ్యక్తినే ‘బాల్షెమ్’ అన్నారు. 1760లో ‘బాల్షెమ్ డాక్టర్’ అని రాసి, పన్ను లేదని గుర్తు పెట్టారు.

ఆ డాక్టరు అదే ఏడాది చనిపోయారు. ఆయన పేరు ఇజ్రాయెల్ బెన్ ఎలియెజర్. ప్రపంచం ఎరిగిన పేరు బాల్ షెమ్ తోవ్. పొడి అక్షరాల్లో చెప్పాలంటే బెష్ట్. ఇవాళ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి జెరూసలేం దాకా నల్లకోటు, గడ్డం, చెంపల మీద జుట్టుపాయలతో కనిపించే హసీదులనే యూదు భక్తి సంప్రదాయంవారందరూ తమ మూలపురుషుడని చెప్పుకునేది ఆయన్నే. పెద్ద గ్రంథమేదీ రాయలేదు, పీఠం పెట్టలేదు. చివరి ఇరవై ఏళ్లు మాత్రం మెజిబిజ్‌లో సంఘం ఇచ్చిన ఇంట్లో ఉంటూ జబ్బుపడ్డవాళ్లను చూశారు.

ఆ ఊరు ఇప్పుడు పశ్చిమ ఉక్రెయిన్‌లో ఉంది. ఖ్మెల్నిత్స్కీ నగరం నుంచి తూర్పుగా విన్నిత్సా వైపు సుమారు 30 కిలోమీటర్లు వెళితే దక్షిణ బుగ్ నదిలో బుజోక్ అనే చిన్న ఏరు కలిసే చోట తెల్లని గోడల కోట కనిపిస్తుంది. 1146 నాటి సంగతులు చెప్పే రాజవృత్తాంతంలోనే ఈ ఊరి ప్రస్తావన ఉంది. తాతార్ల దాడులు, కొసాక్కుల తిరుగుబాట్లు, 1672 నుంచి 1699 దాకా తుర్కుల పాలన, అన్నీ చూసింది. తుర్కుల కాలంలో కోటలోని చర్చిని మసీదుగా మార్చారు. వాళ్లు వెళ్లిపోయాక సియెనియావ్‌స్కీ ప్రభువులు ఊరిని మళ్లీ నిలబెట్టారు. 1731లో పెళ్లి సంబంధం ద్వారా అది చార్తోరిస్కీల చేతికి వచ్చింది. సరిహద్దు వర్తకానికి అనువైన చోటు కావడంతో సంతలు, సారా కాంట్రాక్టులు, పశువుల బేరాలు జోరుగా సాగేవి. జనంలో దాదాపు మూడోవంతు యూదులే. బెష్ట్ వచ్చింది ఏ అడవి పక్క పల్లెకో అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన వచ్చింది డబ్బు తిరిగే పెద్ద పట్టణానికి.

ఆ రోజుల్లో తూర్పు యూరప్ యూదుల్లో ‘బాల్ షెమ్’ అన్నది ఒక వృత్తి. దేవుడి పవిత్ర నామాలను ప్రయోగించి రోగాలు కుదిర్చేవాళ్లు, తాయెత్తులు రాసిచ్చేవాళ్లు, ఇంట్లో చేరిన దుష్టశక్తిని వెళ్లగొట్టేవాళ్లు, పిల్లలు దక్కని తల్లులకు రక్ష కట్టేవాళ్లు. మంత్రంతో పాటు పసరు మందులూ వాళ్ల దగ్గర ఉండేవి. ఈ విద్యకు అచ్చుపుస్తకాలు కూడా వచ్చాయి. విశ్వవిద్యాలయంలో చదివిన వైద్యుడు ప్రభువుల కోటల్లో తప్ప దొరకని కాలం. దొరికినా ఆయన చేసేది రక్తం తీయడం, భేది మందు ఇవ్వడం. అలాంటప్పుడు బాల్ షెమ్ దగ్గరికి వెళ్లడం మూఢత్వమని ఇప్పుడు కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం తేలిక.

అప్పట్లోనే తీర్పు చెప్పినవాళ్లూ ఉన్నారు. తత్త్వవేత్త సాలమన్ మైమన్ 1790లలో జర్మన్‌లో రాసిన ఆత్మకథలో యోయెల్ అనే బాల్ షెమ్ గురించి చెబుతూ, ఆయన కుదిర్చిన జబ్బులు వైద్య పరిజ్ఞానంతో కుదిర్చినవేనని, దాన్ని మంత్రంలా చూపించడానికి కొంత కనికట్టు జోడించారని తేల్చేశాడు. ఎత్తిపొడుపుగా అన్నాడు గానీ, అందులో ఒప్పుకోలూ ఉంది: జబ్బులైతే కుదిరాయి.

బెష్ట్ బాల్యం గురించి మనకు తెలిసిందంతా కథల రూపంలోనే. అప్పటి పోలండ్ ఆగ్నేయ సరిహద్దులో ఓకోపీ అనే చోట 1698 ప్రాంతంలో పుట్టారని, చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారని, పిల్లల్ని బడికి తీసుకెళ్లే సహాయకుడిగా పనిచేశారని సంప్రదాయం చెబుతుంది. కూతీ అనే ఊరి పండితుడు గెర్షోన్ చెల్లెలు హన్నాను పెళ్లాడారు. చదువులేని మోటువాడు బావగా దొరికాడని గెర్షోన్ సిగ్గుపడ్డారట. దంపతులు కార్పాతియన్ కొండల్లో కాపురం పెట్టారు. ఆయన బంకమన్ను తవ్వితే ఆవిడ బండి మీద ఊళ్లోకి తీసుకెళ్లి అమ్మేది. అక్కడ కొన్నేళ్లు ఏకాంతంలో గడిపి, 36 ఏళ్ల వయసులో తన శక్తి లోకానికి వెల్లడించారని హసీదులు నమ్ముతారు. ఇందులో ఎంత చరిత్రో ఎంత భక్తో విడదీయడం కష్టం. ఈ కథలను సంకలనం చేసిన ‘శివ్‌ఖే హా-బెష్ట్’ అచ్చయింది 1814లో. అంటే ఆయన పోయిన 54 ఏళ్లకు.

అందుకే చరిత్రకారుడు మోషే రోస్మన్ చేసిన పని విలువైనది. ఆయన క్రాకోవ్ పట్టికలు తిరగేసి, 1996లో అచ్చయిన పుస్తకంలో వాటి సారం చెప్పారు. అంతకుముందు చాలామంది ఊహలో బెష్ట్ అంటే పండితుల మీద, సంఘ పెద్దల మీద తిరగబడ్డ పేదల గురువు. పట్టికలు వేరే మాట చెబుతున్నాయి. ఆయనకు ఇల్లిచ్చింది సంఘమే. పన్ను లేకుండా చూసిందీ సంఘమే. ఊళ్లో ఒక వైద్యుడు, ఒక సాధకుడు ఉండటం ఊరికి మేలని, గౌరవమని పెద్దలు భావించారు. నా దృష్టిలో బెష్ట్ గురించి దొరికిన అతి ముఖ్యమైన ఆధారం ‘బాల్షెమ్ డాక్టర్’ అన్న ఆ రెండు మాటల నమోదే. తర్వాతి తరం శిష్యులకు తమ గురువు తాయెత్తులు రాసి బతికాడని చెప్పుకోవడం కాస్త ఇబ్బందిగా ఉండేది. ఆయన్ను వేదాంతిగా చూపించడానికే ఇష్టపడ్డారు. లెక్కలు రాసే గుమాస్తాకు ఆ బెంగ లేదు. ఊరు ఆయన్ను ఏమని పిలిచిందో అదే రాశాడు.

కథల్లోనూ వైద్యుడే తరచూ తల ఎత్తుతాడు. ప్రభువుల ఇంట ఒక పేరున్న డాక్టరు, బెష్ట్ ఎదురుపడతారు. నీ విద్యేమిటో చూస్తానని డాక్టరు ఆయన నాడి పట్టుకుంటాడు. ఏదో రోగం ఉందని తెలుస్తుంది గానీ అదేమిటో అంతుపట్టదు. అది దేవుడి మీది తపన అని కథకుడి భాష్యం. తర్వాత బెష్ట్ డాక్టరు నాడి చూసి, మీ ఇంట్లో ఫలానా వస్తువులు పోయాయా అని ఇంటివాళ్లను అడుగుతారు. పోయాయి. దొంగ డాక్టరే. పోటీ వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య పుట్టిన కథ అని చూడగానే తెలిసిపోతుంది. అయినా నాడి పట్టడం ఆయన చేతికి అలవాటైన పని అని చెప్పడానికి ఇది చాలు.

ఆయన దగ్గరికి వచ్చిన రోగుల్లో అందరికన్నా ముఖ్యుడు దోవ్ బేర్. యూదుల ధర్మశాస్త్రమైన తల్మూద్‌లో, కబాలాలో దిట్ట, పేరున్న ప్రవచనకారుడు. వారాల తరబడి ఉపవాసాలు చేసి ఒళ్లు గుల్ల చేసుకున్నాడు, కాలు కూడా సరిగా ఉండేది కాదు. వైద్యం కోసం మెజిబిజ్ వచ్చాడు. బెష్ట్ ఏ శాస్త్రం మాట్లాడకుండా బండి గురించి, గుర్రాల గురించి, మేతకు ఇబ్బంది పడ్డ బండివాడి గురించి చెప్పారట. పండితుడికి ఒళ్లు మండి ప్రయాణం కట్టేశాడు. అర్ధరాత్రి కబురొచ్చింది. కబాలా గ్రంథంలో దేవదూతల గురించిన ఒక భాగం తీసి అర్థం చెప్పమన్నారు. దోవ్ బేర్ తప్పు లేకుండా చెప్పాడు. అర్థం సరిగ్గానే ఉంది, ప్రాణం లేదన్నారు బెష్ట్. ఆ పండితుడు ఉండిపోయాడు. గురువు పోయాక మెజ్రిచ్ అనే ఊళ్లో శిష్యగణాన్ని తయారుచేశాడు. వాళ్లే హసీదు మార్గాన్ని లిథువేనియా, గలీషియా, పోలండ్ అంతటా తీసుకెళ్లారు. ఒక మహా ఉద్యమానికి రెండో నాయకుడు రోగిగా గుమ్మం ఎక్కినవాడన్న మాట.

ఉపవాసాల మీద బెష్ట్‌కున్న కోపం కథల్లోనే కాదు, ఉత్తరంలోనూ ఉంది. మరో శిష్యుడు పోలొన్నె వాసి యాకొవ్ యోసెఫ్ శరీరాన్ని కృశింపజేసుకుంటున్నాడని తెలిసి, ఆ పని మానమని ఆయన గట్టిగా రాశారు. ఒంటిని హింసిస్తే దిగులు పెరుగుతుంది, దిగులు ఉన్నచోట దేవుడి సన్నిధి ఉండదు అన్నది ఆయన వాదం. పాపభయంతో చిక్కిపోతున్న సమాజంలో ఇది మామూలు సలహా కాదు. పాట, నృత్యం, తిండి, ఆఖరికి సంతలో బేరమాడటం కూడా మనసు పెట్టి చేస్తే ఆరాధనే అన్న హసీదుల ధోరణికి వేరు ఇక్కడే ఉందంటాను. అది వేదాంతి గదిలో పుట్టింది కాదు, దిగులుతో మంచం పట్టినవాళ్లను రోజూ చూసిన వైద్యుడి అనుభవంలోంచి వచ్చింది.

ఇంకో ఉత్తరం మరీ ఆశ్చర్యపరుస్తుంది. అప్పటికి పవిత్రభూమిలో స్థిరపడ్డ బావ గెర్షోన్‌కు రాసింది. 1746లో యూదుల కొత్త సంవత్సరం రోజున తన ఆత్మ పైలోకాలకు వెళ్లిందని, అక్కడ మెస్సయ్యను కలిసి ఎప్పుడొస్తారని అడిగానని అందులో చెప్పారు. ఈ భాగం అందరికీ తెలుసు. ఎక్కువమంది వదిలేసే భాగం దాని తర్వాత ఉంది. మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు తన జనం మీదికి రాబోయే ఘోరాన్ని చూశారట. మనుషుల చేతుల్లో చావడం కన్నా దేవుడి చేతుల్లో పడటం మేలని వేడుకున్నారు. ఊచకోత తప్పింది, బదులుగా పోలండ్ దేశమంతటా అంటువ్యాధి వచ్చింది. అప్పుడు తన బృందంతో తెల్లవారుజామున ధూపార్చన పాఠం చదివించి వ్యాధిని ఆపాలని చూశారు. నువ్వే కోరుకున్నావు కదా, ఇప్పుడు ఎందుకు అడ్డుపడతావని స్వప్నంలో ప్రశ్న ఎదురైంది. అక్కడితో పూర్తిగా ఆపాలన్న ప్రయత్నం మానుకున్నారు. మహిమలు చెప్పుకునే గురువులు ఇలాంటి ఉత్తరం రాయరు. తన చేతికి అందని రోగమేదో ఎరిగినవాడి ఉత్తరమిది.

ఆయన తర్వాత కూడా ఊరు చాలాకాలం సందడిగానే ఉంది. కూతురు అదెల్ కొడుకు బారుఖ్ ఇక్కడే దర్బారు పెట్టాడు. ఆయనకు దిగులు ఎక్కువ. దానికి మందుగా హెర్షెలె ఓస్ట్రోపొలెర్ అనే విదూషకుణ్ని పెట్టారని చెబుతారు. రబ్బీ బారుఖ్‌ను ఎగతాళి చేస్తూ హెర్షెలె విసిరిన చెణుకులు యిద్దిష్ మాట్లాడే ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మనవరాలు ఫెయిగా కొడుకు నఖ్మన్ 1772లో ఈ ఊళ్లోనే పుట్టాడు. వైద్యుడి వంశంలో పుట్టి వైద్యుల జోలికే పోవద్దని బోధించాడు. తీరా క్షయ ముదిరినప్పుడు చికిత్స కోసం లెంబెర్గ్, అంటే ఇప్పటి ల్వీవ్ నగరం వెళ్లి నెలల తరబడి ఉన్నాడు. 1810లో ఉమన్‌లో పోయాడు. అక్కడి ఆయన సమాధికి ఏటా యూదుల కొత్త సంవత్సరానికి వేల మంది వస్తారు. చాలా బస్సులు దారిలో మెజిబిజ్‌లోనూ ఆగుతాయి.

పాత యూదుల మెజిబిజ్ 1942లో అంతమైంది. నాజీలు యూదుల్ని గెట్టోలో కుక్కి, రోడ్డు పనులకు వెట్టిచాకిరి చేయించి, ఊరి బయటి లోయల దగ్గర కాల్చి చంపారు. బెష్ట్ ప్రార్థించిన చెక్క మందిరమూ పోయింది. ఇప్పుడున్నది పాత ఛాయాచిత్రాలు చూసి తిరిగి కట్టినది. ఇక్కడికి దగ్గరి నగరం పేరు ఒకప్పుడు ప్రోస్కురివ్. 1919లో అక్కడ యూదుల ఊచకోత జరిగింది. 1954లో సోవియట్ ప్రభుత్వం ఆ నగరానికి 1648 కొసాక్కు తిరుగుబాటు నాయకుడు బోహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ పేరు పెట్టింది. ఉక్రెయిన్ వాళ్లకు ఆయన వీరుడు, యూదుల జ్ఞాపకంలో సంహారకుడు. భక్తుల బస్సులు ఆ పేరున్న బోర్డు దాటుకునే రావాలి.

పాత శ్మశానంలో బెష్ట్ సమాధి మీద ఇప్పుడు మందిరం ఉంది. పక్కనే బారుఖ్, 1825లో పోయిన ఆప్త్ రబ్బీ అవ్రాహమ్ యెహోషువా హెషెల్ సమాధులు. 1965లో అమెరికాలోని సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచిన తత్త్వవేత్త హెషెల్ ఈ వంశంవారే, పేరూ ఇదే. వచ్చేవాళ్లు ‘క్విత్ల్’ అనే చీటీ రాస్తారు. రోగి పేరు, రోగి తల్లి పేరు. మనం గుళ్లో అర్చనకు గోత్రనామాలు చెప్పుకున్నట్టే, కాకపోతే ఇక్కడ తండ్రి వైపు లెక్క లేదు, జబ్బుకు తల్లి పేరే కావాలి. ఊరి బయట బెష్ట్ బావి ఉంది. ఆ నీటికి మహిమ ఉందని సీసాల్లో పట్టుకెళ్తారు.

ఇదే రహదారిలో ఇంకా తూర్పుకు పోతే విన్నిత్సా. అక్కడి పిరొగోవ్ వైద్య విశ్వవిద్యాలయం పేరు మన తెలుగు ఇళ్లలో చాలామందికి పరిచయమే. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యేసరికి ఆంధ్ర, తెలంగాణ పిల్లలు అక్కడ డాక్టరు చదువు చదువుతున్నారు. ‘ఆపరేషన్ గంగ’ విమానాలు ఎక్కడానికి సరిహద్దుల దాకా రోడ్డునా రైల్లోనా పడిన పాట్లు అప్పటి పత్రికల్లో చదివాం. ఉక్రెయిన్‌కు పౌర విమానాలు అప్పట్నుంచి లేవు. మెజిబిజ్ భక్తులు పోలండ్, మొల్దోవా, రొమేనియాల మీదుగా భూమార్గంలో వస్తున్నారు. బెష్ట్ వర్ధంతి యూదుల షవువోత్ పండుగ నాడు, అంటే మే మధ్య నుంచి జూన్ మధ్య లోపు వస్తుంది. ఆ రోజుల్లోనూ, శరదృతువులో ఉమన్ యాత్ర ముందూ వెనకా రద్దీ ఎక్కువ. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు స్థలాలు. మగవాళ్లు తల మీద ఏదో ఒకటి కప్పుకోవాలి. కొహెన్లు, అంటే పురోహిత వంశంవారు, శవస్పర్శ దోషం కారణంగా సమాధుల దగ్గరికి రాకూడదు. వాళ్లు దూరంగా నిలబడి తమ చీటీలు వేరేవాళ్ల చేతికిచ్చి పంపుతారు.