సెడాన్‌ను ట్రాక్ కారుగా మార్చుకొనేవారు పాటించవలసిన నిబంధనలు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల రహదారులు రాతిగుట్టల నడుమ ఎత్తుపల్లాలతో, మలుపులతో కూడినవి. ఇక్కడ సాధారణ సెడాన్‌ను ట్రాక్ కారుగా మార్చుకొనే యజమాని, చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు చేరుటకు 600 కిలోమీటర్లకు పైగా సాధారణ రహదారిపైనే ప్రయాణించవలసి ఉంటుంది. కావున అట్టి కారు ముందుగా రహదారికి యోగ్యమైనదై ఉండాలి.

ఇంజను శక్తి కంటే ముందు బ్రేకులపై శ్రద్ధ అవసరం. ట్రాక్‌పై పదేపదే బ్రేకు వేయుట వలన బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. అప్పుడు పెడల్ నొక్కినా బ్రేకు పట్టదు. డాట్ 4 ఆయిల్ మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్. తేమను పీల్చుకొన్న పిదప అది 155 డిగ్రీల వరకు తగ్గవచ్చు. అందువలన ఆయిల్ మార్పిడి, వేడిని తట్టుకొనే ప్యాడ్‌లు, నిర్ణీత కొలతలోని నాణ్యమైన టైర్లు తొలి మెట్టు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మూల ప్రమాణాలకు భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను స్పష్టం చేసింది. ఇంజను మార్పిడికి రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తప్పనిసరి. సైలెన్సర్ తొలగించరాదు. మార్పులను బీమా సంస్థకు తెలియజేయాలి.

ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా రహదారిపై పందేలు నిర్వహించుట, వాటిలో పాల్గొనుట సెక్షన్ 189 కింద నేరం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పోటీ సైతం రహదారులను మూసివేసిన పిదపే జరిగింది. వేగానికి తగిన స్థలం ట్రాక్ మాత్రమే.