సూదులు పొడిపిస్తే బీడీ బంద్ అవుతదా?

మన షోలాపూర్ పేటల్లో ఆడోళ్లు బీడీలు చుడతరు, మగోళ్లు తాగుతరు. ఈ మధ్య తమ్ముళ్లు కొందరు అడుగుతున్నారు: "అన్నా, చెవికి సూదులు పెట్టించుకుంటే బీడీ మానొచ్చంట, నిజమేనా?"

ఈ చైనా వైద్యాన్ని ఆక్యుపంక్చర్ అంటారు. 1938లో మన ఊరి డాక్టర్ కోట్నీస్‌తో చైనా పోయిన డాక్టర్ బాసు తర్వాత దీన్ని మన దేశానికి తెచ్చారు. వ్యసనం మానేటోళ్లకు చెవిలో ఐదు చోట్ల సన్న సూదులు పెట్టి, అరగంటకు పైగా కూర్చోబెడతారు.

కొందరికి అప్పటికి మనసు నెమ్మదిస్తదంటారు. కానీ ఆరు నెలల తర్వాత కూడా బీడీ ముట్టకుండా ఆపుతుందని పరిశోధనల్లో గట్టి రుజువు దొరకలేదు. అందుకే వారం కూలీ అంతా దానికే పోయొద్దు. పెట్టించుకుంటే మాత్రం కొత్త సూది ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలె.

నేను మిల్లులో పని చేసినోణ్ణి. పత్తి దుమ్ము మింగిన ఊపిరితిత్తులు మనవి. దాని మీద బీడీ పొగ తోడైతే దగ్గు, ఆయాసం ఇంకా ముదురుతయి.

మానిన మొదటి వారమే కష్టం. చికాకు, నిద్ర పట్టకపోవడం ఉంటయి. డాక్టరును అడిగితే నికోటిన్ చూయింగ్ గమ్ గురించి చెప్తారు. 1800-11-2356కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా ఇస్తారు. ఆ నంబరు సిగరెట్ ప్యాకెట్ మీదనే ఉంటది.

సూదికి పోయేది పోండి తమ్ముళ్లూ, ముందు ఆ ఫోనొకటి చేయండి.