శిథిలాలకు సాక్ష్యం పలికే ఛాయాచిత్రాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు పెంచిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా తీర్చిదిద్దింది. హౌరా నుంచి నాగపూర్ మీదుగా ముంబయికి పోయే ప్రధాన మార్గం నుంచి కట్నీ శాఖ విడిపోయేది ఇక్కడే. 1955 నుంచి ఆగ్నేయ రైల్వేలో భాగంగా ఉన్న ఈ పట్టణం 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమైంది. ఆ పాత కంపెనీకే వాల్తేరు, విజయనగరం మార్గాలు కూడా ఉండేవి గనుక ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఖరగ్‌పూర్‌కు వలసపోయినట్లే ఇక్కడికీ వచ్చి స్థిరపడ్డారు. నేటికీ రైల్వే కాలనీ వీథులలో తెలుగు వినిపిస్తుంది.

రైల్వే ఉద్యోగికి జీతంతోపాటు లభించే భాగ్యం ఒకటున్నది. అది పాసు. ఏడాదికి కొన్నిసార్లు కుటుంబంతో సహా ఉచితంగా ప్రయాణించే ఆ హక్కును చాలామంది తీర్థయాత్రలకూ, పెళ్ళిళ్ళకూ వినియోగించుకున్నారు. కొందరు మాత్రం భుజాన కెమెరా తగిలించుకొని, బంధువులెవ్వరూ లేని చిన్న స్టేషన్లలో దిగి, పాడుపడిన గుళ్ళను వెతుక్కుంటూ పోయారు. వారు వృత్తిరీత్యా గుమాస్తాలు, గార్డులు, ఫిట్టర్లు. వారి చిత్రాలు ప్రదర్శనశాలలకు చేరలేదు. బిస్కెట్ డబ్బాలలో, ఇనుప బీరువాల అడుగు అరలలో నెగెటివులుగా మిగిలిపోయాయి. ఇప్పుడా డబ్బాలను తెరిచి చూడవలసిన అగత్యం ఏర్పడింది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ ప్రాంతాన్ని చూడాలి.

బిలాస్‌పూర్ చుట్టూ ఒక్కరోజులో వెళ్ళి రాగల దూరంలో ఇన్ని ప్రాచీన స్థలాలుండడం అరుదైన విషయం. ఉత్తరాన పాతిక కిలోమీటర్లలో కలచురి రాజుల పూర్వ రాజధాని రతన్‌పూర్, అక్కడి మహామాయ ఆలయం, కూలిన కోట ఉన్నాయి. అదే దారిలో మరికొంత దూరం పోతే పాలీ గ్రామంలో చెరువు గట్టున మహాదేవాలయం. దానిని బాణ వంశీయుడైన విక్రమాదిత్యుడు కట్టించగా, తరువాత కలచురి రాజు జాజల్లదేవుడు మరమ్మతు చేయించాడు. బాణుల పేరు ఆంధ్రదేశ చరిత్ర చదివినవారికి కొత్తది కాదు. హౌరా మార్గంలో నైలా స్టేషన్ దగ్గరి జాంజ్‌గీర్‌లో శిఖరం లేని విష్ణ్వాలయం ఉన్నది. శివరీనారాయణ్ గుడితో పోటీపడి ఒక్కరాత్రిలో కట్టవలసి వచ్చిందనీ, తెల్లవారిపోవడంతో ఆగిపోయిందనీ జనం చెప్పుకొంటారు. కట్నీ శాఖ మీద వెళితే ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్ ల వద్ద రైలు అడవి కొండలను ఎక్కుతుంది. పెండ్రారోడ్డులో దిగినవారు నర్మద పుట్టిన అమర్‌కంటక్ చేరుకుంటారు.

ఈ ప్రాంతానికి మొదట కెమెరా వచ్చింది రైలు కంటె ముందే. పురావస్తు శాఖ స్థాపకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్‌కు సహాయకుడైన జోసెఫ్ డేవిడ్ బెగ్లర్ 1873-74లో ఈ మధ్యపరగణాలలో పర్యటించాడు. ఆయన ఇంజనీరు, శాసనాలు చదవడంతోపాటు ఛాయాచిత్రాలు కూడా తీసేవాడు. గాజు పలకలతో, రసాయనాల సీసాలతో ఆనాటి దారులలో ప్రయాణించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

కాని ఉద్యోగధర్మంగా తీసినవారి కంటె ముచ్చటకొద్దీ తీసినవారి కథే ఎక్కువ రసవంతం. వారిలో అగ్రగణ్యుడు లాలా దీన్‌దయాళ్. 1844లో సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరిన ఆయన 1874 ప్రాంతంలో కేవలం సరదాగా కెమెరా పట్టాడు. తరువాత బ్రిటిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతటా తిరిగి కోటలనూ, గుళ్ళనూ చిత్రించాడు. ఆ చిత్రాలతో 1886లో ఒక పెద్ద గ్రంథం వెలువడింది. చివరకు ఆయన ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో స్థాపించి, ‘రాజా’ బిరుదు పొంది, 1905లో మరణించాడు. హైదరాబాదును ఆనాటి రూపంలో నేడు మనం చూడగలుగుతున్నామంటే అందులో పెద్ద పాలు ఆ ఇందూరు ఉద్యోగి సరదాదే. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు నెగెటివులను రెండువేల ఎనిమిదివందలకు పైగా సేకరించింది.

రైల్వే కాలనీ ఔత్సాహికులకు అటువంటి పోషకులెవరూ లేరు. 1970లలో సామాన్యుని చేతికి అందిన కెమెరా అగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారైన ఆ నల్లని పెట్టెకు ఎండ గుర్తు, మబ్బు గుర్తు తప్ప చెప్పుకోదగ్గ అమరికలు లేవు. ఒక 120 రకం ఫిలిం చుట్టకు పన్నెండు చతురస్రాకారపు బొమ్మలు వచ్చేవి. ఫిలిం తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో కావచ్చు; లేదా మన ఊటీలో 1967 నుంచి ఉత్పత్తి ప్రారంభించిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ‘ఇందు’ కావచ్చు. పన్నెండే బొమ్మలు! రతన్‌పూర్ కోటకు నాలుగు, పాలీ శిల్పాలకు ఐదు, తిరుగు ప్రయాణంలో భార్యాపిల్లలకు మూడు అని ముందుగానే లెక్కవేసుకోవాలి. అందుచేత మీట నొక్కే ముందు ఎండ ఏ గోడ మీద పడుతున్నదో అరగంటసేపు చూచి నిలుచునేవారు. వందల బొమ్మలను ఉచితంగా తీసుకొనే నేటి తరానికి ఆ నిలకడ వింతగా తోచవచ్చు గాని, చిత్రంలో అది కనిపిస్తుంది.

ఇంటికి వచ్చిన తరువాత మరొక తపస్సు. ఫిలిమును కడిగేది చిమ్మచీకటిలో. సినిమాలలో చూపించే ఎర్రదీపం కాగితంపై అచ్చు వేసేటప్పుడు మాత్రమే పనికివస్తుంది. రాత్రి పిల్లలు నిద్రించాక స్నానాలగది తలుపు సందులకు దుప్పట్లు కట్టి, డెవలపరు, హైపో పళ్ళేలలో పోసుకొని కూర్చునేవారు. రసాయనం ఇరవై డిగ్రీల వేడిలో ఉండాలని పొట్లం మీద రాసి ఉంటుంది. బిలాస్‌పూర్ వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఐసు ముక్కల నడుమ సీసాను పెట్టి చల్లార్చకపోతే ఫిలిం మీది జిగురుపొర ఉబ్బి, బొమ్మంతా పగుళ్ళు వారిన చెరువులా తయారవుతుంది.

మరొక విచిత్రం కూడా చెప్పుకోవాలి. తామే నడిపే రైళ్ళనూ, వంతెనలనూ చిత్రించడానికి వీరికి స్వేచ్ఛ లేదు. స్టేషన్లలో ఫోటో తీయాలంటే అనుమతి కావాలి. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో నిలిచిపోయింది. 1995 నాటికి పెద్ద లైన్ల మీద వాటి యుగం ముగిసింది. కళ్ళెదుటే కనుమరుగవుతున్న యంత్రాన్ని విడిచి, వేయి సంవత్సరాల రాతిని వెతుక్కుంటూ పోవలసివచ్చింది. రాయి ఎక్కడికీ పోదని అందరూ అనుకునేవారు.

రాయి పోతుంది. బిలాస్‌పూర్‌కు ముప్పైకొన్ని కిలోమీటర్లలో ఉన్న మల్హార్‌లో దిడ్నేశ్వరీదేవి నల్లరాతి విగ్రహాన్ని 1991లో దొంగలు ఎత్తుకుపోయారు. అదృష్టవశాత్తు అది ఉత్తరప్రదేశ్‌లో దొరికి తిరిగి వచ్చి పూజలందుకుంటున్నది. అన్ని విగ్రహాలకూ ఆ యోగం పట్టదు. దొంగిలించిన విగ్రహం విదేశాలకు చేరితే, అది మనదేనని చెప్పడానికి మాట చాలదు, బొమ్మ కావాలి. తమిళనాడులోని శ్రీపురందాన్ నటరాజు, వృద్ధాచలం అర్ధనారీశ్వరుడు ఆస్ట్రేలియాలోని మ్యూజియాలకు చేరినప్పుడు వాటి గుర్తింపుకు తోడ్పడినవి పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ వద్ద ఉన్న పాత ఛాయాచిత్రాలు. 1950ల నుంచి ఆ సంస్థ ఊరూరా తిరిగి గుళ్ళలోని విగ్రహాలను చిత్రించి, ఏ ఊరు, ఏ గుడి అన్నది నమోదు చేసి ఉంచింది. 2014లో ఆ రెండు విగ్రహాలూ స్వదేశానికి తిరిగి వచ్చాయి.

దొంగతనం ఒక్కటే కారణం అనుకోరాదు. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా చోటును మార్చివేస్తుంది. అమరావతి స్తూపం నుంచి వాల్టర్ ఇలియట్ తవ్వి తీయించిన శిల్పాలను మద్రాసులో 1858లో లినియస్ ట్రైప్ చిత్రించాడు. మరుసటి ఏడే వాటిని లండనుకు పంపివేశారు. శ్రీశైలం జలాశయంలో మునగబోతున్నదని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. గుడి నిలిచింది. కాని కృష్ణా తుంగభద్రల సంగమం ఒడ్డున అది నిలిచిన తీరును చూడాలంటే ఇప్పుడు పాత బొమ్మలే శరణ్యం.

బొమ్మ ఉంటే సరిపోతుందా? ఇందుకు ఆఫ్ఘనిస్థాన్ సమాధానం చెబుతుంది. 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చివేసిన తరువాత జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయ నిపుణులు పెద్ద విగ్రహపు కొలతలను పాత చిత్రాల నుంచి రాబట్టడానికి పూనుకున్నారు. వారు ఉపయోగించినవి మూడు రకాల చిత్రాలు: ఇంటర్నెట్‌లో దొరికినవి, యాత్రికులు సరదాగా తీసుకున్నవి, 1970లో ఆస్ట్రియా ఆచార్యుడు రాబర్ట్ కోస్ట్‌కా కొలతల కెమెరాతో తీసినవి. మూడింటి నుంచీ విగ్రహపు రూపం సాధ్యమైంది. అయితే నమ్మదగిన కొలతలు ఇచ్చినవి కోస్ట్‌కా చిత్రాలే. ఆయన కెమెరా ఎటువంటిదో స్పష్టంగా తెలుసు. యాత్రికుల చిత్రాలలో చాలావాటికి ఆ వివరమే లేదు.

బిలాస్‌పూర్ బీరువాలలోని నెగెటివులకు పట్టిన అసలు జబ్బు ఇదే. బొమ్మ ఉన్నది, ఊరు పేరు లేదు. గుడి ఉన్నది, సంవత్సరం లేదు. తీసినవారికి అన్నీ గుర్తుంటాయి. వారిలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటినవారు. వారు వెళ్ళిపోతే ఆ బొమ్మలోని గుడి ఏ గుడి అయినా కావచ్చు.

రెండవ జబ్బు ఫిలిముది. ఆ తరం ఫిలింలో ఎక్కువ భాగం ఎసిటేట్ పట్టీ మీద తయారైంది. వేడికీ, తేమకూ ఎసిటేట్ విడిపోయి పుల్లని వాసన వేస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన తగిలితే వినాశం మొదలైందన్నమాట. పట్టీ కుంచించుకుపోయి, బొమ్మ ఉన్న పొర ముడుతలు పడుతుంది. అటువంటి పట్టీని మిగిలినవాటి నుంచి వెంటనే వేరుచేయాలి. దాని ఆవిరి పక్కవాటినీ చెరుపుతుంది. రంగు ఫిలింలో రంగులు చీకటిలో ఉంచినా క్రమంగా వెలిసిపోతాయి. ఆ విషయంలో గట్టిదని పేరొందిన కోడాక్రోమ్ ఫిలిం తయారీ 2009లో ఆగిపోయింది. దానిని కడిగే చివరి ప్రయోగశాల అమెరికాలో 2010 చివర కొత్త చుట్టలు తీసుకోవడం మానివేసింది. నలుపు తెలుపు వెండి బొమ్మ, సరిగా కడిగినదైతే, వీటన్నిటి కంటె దీర్ఘాయువు.

చేయవలసినది కష్టమైన పనేమీ కాదు. నెగెటివు పట్టీలను రబ్బరు బ్యాండ్లతో బిగించక, ఆమ్లం లేని కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టాలి. కప్పుకు దగ్గరగా ఉన్న వేడి అటకపై గాక, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో దాచాలి. స్కానింగు చేయించిన తరువాత కూడా మూలాన్ని పారవేయరాదు. వృద్ధుని పక్కన కూర్చొని ఒక్కొక్క బొమ్మనూ చూపించి అడగాలి: ఏ స్టేషనులో దిగారు, ఎంత దూరం నడిచారు, గుడికి ఏ దిక్కున నిలుచున్నారు, ఏ కెమెరా?

ఆ జవాబులు ఎంత విలువైనవో తాలా గ్రామం చూపుతుంది. బిలాస్‌పూర్‌కు దక్షిణాన మనియారీ నది ఒడ్డున అక్కడ రెండు శిథిలాలయాలున్నాయి. దేవరాణి, జేఠానీ అని వాటి పేర్లు. మన మాటలో తోడికోడళ్ళ గుళ్ళు. 1987-88లో అక్కడ రాళ్ళ గుట్టలు తొలగిస్తుండగా నిలువెత్తు మనిషిని మించిన విచిత్ర విగ్రహం బయటపడింది. ముక్కు బల్లి, చెవులు నెమళ్ళు, గడ్డం పీత. రొమ్ము మీద, పొట్ట మీద, తొడల మీద మనుష్య ముఖాలు. రుద్రశివుడని పండితులు పేరు పెట్టారు గాని అది ఎవరన్న చర్చ నేటికీ తెగలేదు. నేడు తాలాకు వెళ్ళే ప్రతివాడూ ఆ విగ్రహం ముందు నిలబడి ఫోటో తీసుకుంటున్నాడు. అంతకు పూర్వం ఆ దారిన పోయిన ఏ గుమాస్తా అయినా తీసి ఉంటే, అతని బొమ్మలో ఉండేది పొదలు మొలిచిన రాళ్ళ గుట్ట మాత్రమే. చూడడానికి ఏమీ లేదని ఆల్బములో అంటించకుండా వదిలివేసే బొమ్మ అది. ఏ రాయి ఏ రాయి మీద పడి ఉన్నది, ద్వారం ఎంతవరకు పూడిపోయింది, విగ్రహాన్ని కప్పిన మట్టి ఎంత ఎత్తు అన్నవి చెప్పగలది కూడా అదే. దాని వెనుక పెన్సిలుతో ‘తాలా’ అనీ, ఒక సంవత్సరమూ రాసి ఉన్న పక్షంలో.