దండెం తీగ మీద మాటలు

మన ఇళ్లల్లో బట్టలారేసే దండెం ఉంటుంది. అలాంటి తీగే ఒకటి కొందరి డాబాల మీద కనిపిస్తుంది. దాని మీద బట్టలుండవు. చూసినవాళ్లు కేబుల్ టీవీ తీగ అనుకుంటారు. కాదు. ఆ తీగ సాయంతో ఆ ఇంటివాళ్లు జపాన్ వాళ్లతో, రష్యా వాళ్లతో మాట్లాడతారు. ఫోన్ అక్కర్లేదు. టవర్ అక్కర్లేదు. ఇంటర్‌నెట్ కూడా అక్కర్లేదు. ఒక్క రేడియో చాలు.

మనకి తెలిసిన రేడియో ఒకవైపే. అది చెబుతుంది, మనం వింటాం. మనం తిరిగి ఏమీ చెప్పలేం. ఈ రేడియో అలా కాదు. వినొచ్చు, చెప్పొచ్చు. దీన్ని హ్యామ్ రేడియో అంటారు. దీంతో మాట్లాడేవాళ్లని కూడా హ్యామ్‌లనే అంటారు. ఇది వాళ్ల ఉద్యోగం కాదు. దీంట్లో పైసా రాదు. సరదా, అంతే. కొందరికి తోట సరదా, కొందరికి ముగ్గుల సరదా. వీళ్లకి రేడియో సరదా.

వీళ్ల రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. తెల్లారగట్ల లేచి రేడియో ముందు కూర్చుంటారు. "సి.క్యూ., సి.క్యూ." అని పిలుస్తారు. ఎవరైనా వింటుంటే పలకండి అని దానర్థం. తర్వాత తమ గుర్తు చెబుతారు. బండికి నంబరు ఉన్నట్టు ప్రతి హ్యామ్‌కీ ఒక గుర్తు ఉంటుంది. మన దేశం వాళ్ల గుర్తు చాలావరకు 'వి.యు.'తో మొదలవుతుంది. వినగానే ఇండియా అని తెలిసిపోతుంది.

ఎక్కడో ఎవరో పలుకుతారు. పేరేంటి, ఊరేంటి, నా గొంతు బాగా వినబడుతోందా, మీ దగ్గర వాన పడుతోందా... ఇవే మాటలు. ఇంత కష్టపడి వాన సంగతి అడగడమేంటి అని మనకి నవ్వొస్తుంది. కానీ అవతలి మనిషి వేల మైళ్ల దూరాన ఉన్నాడు. మధ్యలో తీగ లేదు. ఆ గొంతు వినబడటమే వాళ్ల సంతోషం. మాట్లాడినందుకు గుర్తుగా ఒకరికొకరు కార్డులు పంపుకుంటారు. పెళ్లి ఫొటోలు దాచుకున్నట్టు వాటిని దాచుకుంటారు. ఆడవాళ్లు మాట్లాడితే ఆ భాషలో 'వై.ఎల్.' అంటారు. అంటే పడుచు అమ్మాయి. అరవై ఏళ్లున్నా ఆ పేరే!

ఇంతకీ మాట అంత దూరం ఎలా పోతుంది? చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి కదా. రేడియో కూడా అలాంటి అలల్ని పుట్టిస్తుంది. అవి కంటికి కనిపించవు. తీగ నుంచి బయలుదేరి ఆకాశంలోకి పోతాయి. చాలా ఎత్తున, వంద కిలోమీటర్లకి పైన, సూర్యకిరణాల వల్ల మారిన గాలి పొర ఒకటి ఉంది. గోడకి కొట్టిన బంతి వెనక్కి వచ్చినట్టు, కొన్ని రకాల అలలు ఆ పొరకి తగిలి కిందికి వస్తాయి. నేలకి తగిలి మళ్లీ పైకి పోతాయి. అలా ఎగురుతూ, దిగుతూ ప్రపంచం అవతలికి చేరతాయి. రెప్ప వేసేలోగా ఇదంతా అయిపోతుంది. దీనికి పెద్ద కరెంటు కూడా అక్కర్లేదు. వంద క్యాండిల్ బల్బుకి పట్టేంత చాలు. కారు బ్యాటరీతో నడుస్తుంది.

సెల్‌ఫోన్ కూడా తీగ లేకుండానే మాట్లాడుతుంది కదా అంటారేమో. నిజమే. కానీ మన ఫోన్ మాట ముందు దగ్గరలోని టవర్‌కి పోతుంది. అక్కడినుంచి ఇంకో చోటికి. టవర్ పడిపోతే, టవర్‌కి కరెంటు పోతే మన ఫోన్ మూగదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ వాళ్లు ఈ సంగతి కళ్లారా చూశారు. హ్యామ్ రేడియోకి మధ్యలో ఎవరూ లేరు. ఇక్కడ ఒక రేడియో, అక్కడ ఒక రేడియో ఉంటే సరి.

అయితే ఎవరు పడితే వాళ్లు మాట్లాడకూడదు. పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. వ్యాపారం మాటలు మాట్లాడకూడదు, సినిమా పాటలు వేయకూడదు. ప్రధానమంత్రిగా చేసిన రాజీవ్ గాంధీ కూడా ఒక హ్యామే. మన హైదరాబాద్‌లో దీన్ని నేర్పడానికి 1983లో ఒక సంస్థ పెట్టారు. దాని పేరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో.

హ్యామ్‌లకి ఇంకో పిచ్చి ఉంది, ప్రయాణాలు. రేడియో గొంతు అరుదుగా వినబడే దీవులంటే వాళ్లకి ప్రాణం. అక్కడికి సామాను మోసుకెళ్లి, తీగ కట్టి పిలుస్తారు. ప్రపంచంలోని హ్యామ్‌లంతా ఆ గొంతు కోసం కాచుకుని ఉంటారు. మన అండమాన్ దీవులు అలాంటివే. చాలా ఏళ్లపాటు అక్కడినుంచి మాట్లాడటానికి అనుమతి రాలేదు. ఢిల్లీకి చెందిన భారతీ ప్రసాద్ గారు పట్టు వదల్లేదు. చివరికి 2004 డిసెంబరులో ఆ హైదరాబాద్ సంస్థ తరఫున ఒక జట్టుతో పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు.) ఒక హోటల్‌లో దిగి రేడియో పెట్టారు. వేల మందితో మాట్లాడారు.

డిసెంబరు 26, ఆదివారం. పొద్దున ఆరున్నర కావస్తోంది. భూమి కంపించింది. సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. దాని వెంటే సునామీ వచ్చింది. కార్ నికోబార్ దీవిని కొద్ది నిమిషాల్లోనే అలలు ముంచేశాయి. అండమాన్ నికోబార్ దీవుల్లో వేల మంది చనిపోయారు, గల్లంతయ్యారు. చాలా దీవులకి ఫోన్లు తెగిపోయాయి. ఎవరు బతికున్నారో, ఎవరు లేరో తెలిసే దారి లేదు.

భారతి గారు సరదా ఆపేశారు. అదే రేడియోని వార్తలకి పెట్టారు. హోటల్‌లో ఒక రేడియో, ప్రభుత్వ అధికారి కార్యాలయంలో ఒక రేడియో నడిచాయి. జట్టులో కొందరు 270 కిలోమీటర్ల దూరంలోని కార్ నికోబార్ వెళ్లి అక్కడా ఒకటి పెట్టారు. "మావాళ్లు క్షేమమా?" అని దేశం నుంచి అడిగేవాళ్లు అడుగుతున్నారు. ఆ పేర్లు రేడియోలో చదివేవాళ్లు. అక్కడివాళ్లు వెతికి జవాబు చెప్పేవాళ్లు. ఆ జవాబు విన్న ఇక్కడి హ్యామ్ ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్పేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బతుకుతెరువుకి వెళ్లి అక్కడే స్థిరపడ్డవాళ్లు. ఇక్కడ కన్నవాళ్లు, తోబుట్టువులు ఎలా ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి. 'బాగున్నారు' అన్న ఒక్క మాట కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఉంటారో!

అన్ని జవాబులూ మంచివి కావు. అవి కూడా చదవాల్సిందే. రేడియోలో గొంతు వణక్కూడదు, వణికితే అవతల పేరు తప్పుగా వినబడుతుంది. అందుకే హ్యామ్‌లు పేరుని అక్షరం అక్షరం విడదీసి చెబుతారు. ఒక్కో అక్షరానికి ఒక్కో మాట. మనం చదువు నేర్చుకునేటప్పుడు 'అ' అంటే అమ్మ, 'ఆ' అంటే ఆవు అనుకున్నట్టే.

2006 ఏప్రిల్‌లో అదే పోర్ట్ బ్లెయిర్‌లో హ్యామ్‌ల సభ జరిగింది. విదేశాల నుంచి కూడా వచ్చారు. దండెం తీగల్లాంటి తీగలు మళ్లీ కట్టారు. మళ్లీ "సి.క్యూ., సి.క్యూ." అని పిలిచారు. మీ ఊరేంటి, మీ దగ్గర వాన పడుతోందా అని అడగడం మొదలుపెట్టారు.