మూలుగ చుక్కను కాపాడేదెట్లా?

మాంసం కూరలో ఎముకను చప్పరించి మూలుగ లాగేవాళ్లమే గాని, అది ఒంట్లో ఏం చేస్తుందని మనలో ఎంతమంది ఆలోచించినాము? నెత్తురులోని ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడ పుట్టేవే. ఈ వాక్యం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. పోయిన వేసవిలో మా చిన్నాయనకు రక్తం తగ్గిపోయి, మూలుగ పరీక్ష చేయాలన్నప్పుడు గాని దాని సంగతి తెలిసిరాలేదు.

తుంటి వెనక ఎముకలోకి సూది దించి తీస్తారు. మత్తు ఇచ్చినా, మూలుగను పీల్చే క్షణంలో నొప్పి తప్పదు. మూలుగ చాలా త్వరగా గడ్డకడుతుంది. కాబట్టి మొదటి చుక్కలను అక్కడికక్కడే స్లైడ్ల మీద పలుచగా పూసి, గాలికి ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, తర్వాత రంగు వేస్తారు. జన్యు పరీక్షలకు ఇ.డి.టి.ఎ. ట్యూబు. అది కాల్షియాన్ని కట్టిపడేస్తుంది, కాల్షియం లేనిదే గడ్డ కట్టదు గదా! క్రోమోజోములు చూడాలంటే మాత్రం హెపారిన్ ట్యూబు కావాలి. ఎముక ముక్కకైతే ఫార్మలిన్. ఆ సీసాను స్లైడ్ల పక్కన పెట్టరాదు. ఆవిరి తగిలితే రంగు సరిగా పట్టదు.

1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని చూపినప్పుడు మూలుగ కూడా సాక్ష్యం చెప్పింది. ఆ మందు మన యల్లాప్రగడ సుబ్బారావు గారి లెడర్లీ బృందం చేసినదే.

ఇక నా నిర్వాకం. హెపారిన్ ట్యూబును హైదరాబాదుకు చేర్చే పని నాకప్పగించినారు. కర్నూలు మే నెల ఎండ! చెడిపోతుందేమోనని సోడా అంగడిలో ఐసుగడ్డలు కొని, వాటి మధ్యన పెట్టినాను. ఎవరినైనా అడగాలని తోచలేదు. కొన్నాళ్లకు కణాలు పెరగలేదని చీటీ వచ్చింది. క్రోమోజోములు కనబడేది కణం విభజన చెందేటప్పుడే. అందుకు కణం బతికుండాలి. మిరపనారు పీకినప్పుడు తడిగోనె చుట్టి, నీడన పెట్టి, వాడకముందే నాటుతాం గాని ఐసులో పెడతామా? సేద్యగాని కొడుకునై ఉండి ఆ మాత్రం తట్టలేదు.

చిన్నాయన మళ్లీ బోర్లా పడుకోవలసి వచ్చింది. "ఈతూరన్నా సక్కంగా ఎత్తుకపో అబ్బీ, ఇంకోసారి ఆ సూది నావల్ల గాదు" అన్నాడు. పేరు, తీసిన గంట ట్యూబు మీద రాయించుకున్నాను. తువ్వాలు చుట్టి థర్మోకోల్ డబ్బాలో పెట్టినాను. చల్లని ప్యాకెట్టు ఉన్నా ట్యూబుకు తగలనీయలేదు. 24 గంటలలోపు చేరాలన్నారు, రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి లాబు గడపలో కూర్చున్నాను.

ఈసారి కణాలు పెరిగినాయి. జబ్బు ఏదో తేలింది, చిన్నాయనకు మందులు నడుస్తున్నాయి.