బేస్ పెట్టె బరువు దిగిన కథ

శివరాత్రి నాడు పొద్దుగూకాక కోటప్పకొండ కింద నిలబడితే చూపు ఒకచోట ఆగదు. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కదిలొచ్చిన ప్రభలు తాటిచెట్లను మించిన ఎత్తున నిలువెల్లా రంగు బల్బులతో వెలుగుతుంటాయి. వెనక జనరేటర్ల రొద, ముందు వేదిక, వేదిక మీద పాటకచేరీ. చిన్నప్పుడు ఆ కచేరీలు చూస్తే నాకొక సందేహం వచ్చేది. నాలుగు లావు తీగల గిటారు పట్టుకుని ఒకాయన చివరన నిలబడేవాడు. వేళ్ళు కదిలేవి, తల ఊగేది, ఆయన వాయించింది మాత్రం ఒక్క ముక్క వినపడేది కాదు. వేదిక నిండుగా కనపడటానికి నిలబెట్టారేమో అనుకునేవాణ్ణి.

తప్పు ఆయనది కాదు, గొట్టం మైకులది. గొట్టం మైకు పుట్టిందే మాట దూరం పోవడానికి. గొట్టం మూతి ఎంత వెడల్పుంటే అంత కింది స్వరం పలుకుతుంది. మన గుడి మీద, ఆటో మీద కట్టే సైజు గొట్టం సెకనుకు రెండు మూడు వందల కంపనాల కిందికి దిగిందంటే దాదాపు మూగదే. బేస్ గిటారు తీగలు నాలుగూ వదిలి మీటితే సెకనుకు 41, 55, 73, 98 సార్లు కంపిస్తాయి. ఒక్కటీ వందకు చేరదు. పాపం ఆయన రాత్రంతా వాయించి ఉంటాడు, కొండకు చేరింది గాయకుడి గొంతూ కీబోర్డూ మాత్రమే.

ఇప్పుడు అదే తిరునాళ్ళలో డీజే బాక్సులు రొమ్ము అదరగొడుతున్నాయి, అది వేరే గొడవ. బేస్ గిటారుకు మాత్రం పల్నాడులో మరో ఇల్లు దొరికింది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల చేరాడు. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో చర్చిలు పెరుగుతూ వచ్చాయి. ఈనాడు ఆదివారం ఆరాధనకు డ్రమ్సూ కీబోర్డూ పక్కన బేస్ గిటారు పట్టుకున్న కుర్రాడు కనపడటం వింతేమీ కాదు. అలాంటి కుర్రాడే ఒకడు, నాకు కొడుకు వరస, పోయిన వేసవిలో వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్, చిన్న ఆంపు కొనాలి. బండి మీద పట్టాలి. ఎన్ని వాట్లది తీసుకోమంటావు?"

"వాట్లు తర్వాత చూద్దాంగానీ, పెట్టె ఎంతది తీసుకుంటావురా?"

వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కావాలంటే ఈ యంత్రం పుట్టుక దగ్గరకు వెళ్ళాలి.

స్పీకరు ఇప్పటి రూపానికి వచ్చింది 1925లో. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కాగితపు కోను వెనక తీగచుట్ట, దాని చుట్టూ అయస్కాంతం పెట్టి చూపించారు. ఇవాళ మన ఇళ్ళలో ఉన్నవన్నీ దాని పిల్లలే. కోను ముందుకు తోస్తే ముందు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. సన్నటి స్వరానికి ఇబ్బంది లేదు. లావు స్వరం దగ్గరే తంటా. 41 కంపనాల స్వరానికి ఒక్క అల పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. అంత తీరిగ్గా కదిలే గాలికి అడుగు వెడల్పు స్పీకరు అడ్డమే కాదు. ముందు ఒత్తిడి అంచు చుట్టూ తిరిగి వెనక పలచదనాన్ని పూడ్చేస్తుంది, శబ్దం అక్కడికక్కడే చచ్చిపోతుంది. స్పీకరుకు పెట్టె కట్టేది అందంకోసం కాదు. వెనక గాలిని ముందు గాలితో కలవనీయకుండా కాపలా కాయడానికి.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. రేడియోలు బాగుచేసుకునే మనిషి, తను గిటారు వాయించేవాడు కాదు. ఆ గిటారుకు తోడు ఆంపు కావాలిగదా అని 1952లో బేస్‌మన్ వచ్చింది, 15 అంగుళాల స్పీకరు ఒక్కటి పెట్టి. కొన్నేళ్ళకు దాన్నే 10 అంగుళాల స్పీకర్లు నాలుగింటితో, వెనక తలుపు తెరిచిన పెట్టెగా మార్చారు. కాపలా లేని పెట్టె! బేస్ వాయించేవాళ్ళకు అంతగా అక్కరకు రాలేదుగానీ మామూలు గిటారిస్టులు దాన్ని ఎగరేసుకుపోయారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టువాళ్ళు కాపీకొట్టి తమ మొదటి ఆంపు చేసింది ఈ బేస్‌మన్‌నే. బేస్ కోసం పుట్టిన ఆంపు రాక్ గిటారుకు తాత అయి కూర్చుంది.

బేస్ బాధ బేస్ వాయించేవాడికే తెలుసు. ఎవరెట్ హల్ పెద్ద నిలువు బేస్ వాయించేవాడు. నేలకు ఆనించే దాని మేకులోంచి మైకు పైకి ఎక్కించే ఏర్పాటొకటి కనిపెట్టాడు. ఆ మేకుపేరే కంపెనీ పేరైంది, ఆంపెగ్. 1960లో వాళ్ళు తెచ్చిన పోర్టాఫ్లెక్స్ బి-15 నాకు చాలా ఇష్టమైన యంత్రం. వెనక మూసిన పెట్టె, 15 అంగుళాల స్పీకరు, శక్తి పాతిక వాట్లే. పని అయ్యాక ఆంపును తలకిందులుగా తిప్పి పెట్టెలోకే దించి మూత బిగించేయవచ్చు. చిన్నదిగా, మోసుకుపోగలిగేలా ఉండాలన్న కోరిక అప్పటికే ఉందన్నమాట. అమెరికాలో చాలా స్టూడియోలు దాన్ని ఇంట్లో మనిషిలా ఉంచుకున్నాయి.

తర్వాత రాక్ కచేరీలు స్టేడియాలకెక్కాయి. 1969లో అదే ఆంపెగ్ ఎస్‌వీటీ తెచ్చింది. వాల్వులతో 300 వాట్లు. ఆంపు ఒక్కటే 40 కిలోలకు అటూ ఇటూ. మన మిర్చి యార్డులో ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, అంత. దాని కింద పెట్టె, 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది, బరువు 60 కిలోల పైమాటే. అలాంటి పెట్టెలు రెండు పెట్టుకోమని కంపెనీవాళ్ళే చెప్పారు. ధ్వని అద్భుతం, నడుము సంగతి దేవుడెరుగు. గురజాల నుంచి మాచర్లకు పల్లెవెలుగులో దాన్ని ఎక్కించుకుంటానంటే కండక్టరు ఊరుకుంటాడా?

అంత పెద్దగా ఎందుకుండాలి? దీనికి జవాబు చెప్పినవాడు ఆంటన్ హాఫ్‌మన్, కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని 'హెచ్' ఆయనే. చిన్న పెట్టె, లోతైన స్వరం, తక్కువ కరెంటుకు ఎక్కువ మోత. ఈ మూడింటిలో ఏవైనా రెండే కోరుకో, మూడోది వదులుకో. దీన్ని ఉక్కు సూత్రం అంటారు. లెక్క ఇంకా కర్కశంగా ఉంటుంది: అదే మోత ఉంచి ఒక స్థాయి కిందికి దిగాలంటే పెట్టె లోపలి జాగా ఎనిమిది రెట్లు కావాలి. కోను కూడా నాలుగు రెట్లు దూరం ఊగాలి. ఏ కంపెనీ బ్రోషరూ ఈ ఉక్కును వంచలేదు.

వంచలేకపోయినా బేరమాడారు. 1930ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థూరాస్ పెట్టెకు ఒక కన్నం పెట్టి వెనక గాలిని కూడా పనిలోకి దించాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే హూమ్మని మోగుతుంది చూశారా, అదే. కన్నం కొలత సరిగ్గా కుదిరితే స్పీకరు అలసిపోయే చోట కన్నం అందుకుంటుంది. కుదరకపోతే కుండలో అరిచినట్టుంటుంది. కుదుర్చుకునే లెక్కను 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీలే, ఆ తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ తేల్చి పెట్టారు. వడ్రంగి అంచనా పోయి కాగితం మీద కొలత వచ్చింది.

బరువు దిగింది మాత్రం రెండు వేరే దారుల్లో. ఒకటి అయస్కాంతం. 1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు విడివిడిగా నియోడిమియం అయస్కాంతం కనిపెట్టారు. పాత నల్ల ఫెర్రైట్ దిమ్మ చేసే పనిని గుప్పెడు లోహం చేస్తుంది. కాకపోతే అది వేడికి త్వరగా నీరసిస్తుంది. ధర చైనా చేతిలో ఉంటుంది, 2011లో ఒక్కసారి ఎగబాకినప్పుడు స్పీకరు కంపెనీలన్నీ లబోదిబోమన్నాయి.

రెండోది ఆంపు లోపలిది. దీన్ని సాగర్ కుడికాలువ కింద వ్యవసాయం చేసేవాడికి చెప్పడం తేలిక. పాత ఆంపు తూము తలుపును సగం, పావు, ముప్పావు ఎత్తి నీళ్ళు సర్దినట్టు కరెంటును సర్దుతుంది. సగం మూసిన తలుపు మీద ఒత్తిడంతా పడ్డట్టే, సగం తెరిచిన ట్రాన్సిస్టరు మీద శక్తి పడి వేడిగా పోతుంది. ఆ వేడికి అల్యూమినియం రెక్కలు, ఫ్యాన్లు కావాలి. క్లాస్ డి ఆంపు వారబందీ పద్ధతి: తలుపు పూర్తిగా తెరువు, లేదా పూర్తిగా మూయి, మధ్య మాట లేదు. ఎంతసేపు తెరిచావన్నదే లెక్క. సెకనుకు లక్షలసార్లు తెరిచి మూస్తుంది కనుక చివర్లో చిన్న వడపోత పెడితే పాట నున్నగా వస్తుంది. నూటికి తొంభై పాళ్ళ శక్తి స్పీకరుకే చేరుతుంది. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1964లోనే ఇంగ్లండులో క్లైవ్ సింక్లైర్ ఎక్స్-10 పేరుతో కిట్టు అమ్మి చేతులు కాల్చుకున్నాడు. అప్పటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేదు. వేగమున్న మాస్‌ఫెట్లు వచ్చేదాకా ఆలోచన కాచుకుని కూర్చుంది. బరువైన ఇనప ట్రాన్స్‌ఫార్మరు స్థానంలో కంప్యూటర్లలో ఉండే లాంటి స్విచింగ్ సప్లై చేరాక, ఇటలీ మార్క్‌బేస్ వాళ్ళ లిటిల్ మార్క్ లాంటివి 500 వాట్లతో, మూడు కిలోల లోపు బరువుతో వచ్చేశాయి. టిక్కీ కాస్తా భుజాన సంచీ అయింది.

అయినా ఉక్కు సూత్రం అలాగే ఉందిగదా? పెట్టె చిన్నదైతే 41 కంపనాలు ఎలా పలుకుతుంది?

పలకదు! చాలామంది కొనేవాళ్ళకు తెలియని సంగతి ఇది. చిన్న పెట్టెలే కాదు, పేరున్న పెద్ద బేస్ పెట్టెలు కూడా 60 దగ్గర్నుంచే నీరుగారతాయి. మిగతా పని మన చెవి చేస్తుంది. తీగ మీటితే 41తో పాటు 82, 123, 164 కూడా పుడతాయి. వాటి మధ్య ఎడం 41 అని మెదడు పట్టుకుని, లేని స్వరాన్ని ఉన్నట్టు కూడదీసుకుంటుంది. ల్యాండ్‌లైన్ ఫోను 300 కిందివేవీ పంపదు. మగవాళ్ళ గొంతు మూలస్వరం నూటికి కాస్త అటూ ఇటూ. అయినా ఫోన్లో మావయ్య గొంతు మావయ్య గొంతులాగే ఉంటుంది. మరి గొట్టం మైకులో బేస్ ఎందుకు దొరకలేదంటారా? బేస్ పై స్వరాలు 300 దాటాక పలచబడిపోతాయి. ఆ కాస్తను అక్కడే గుంపుగా ఉన్న గొంతూ కీబోర్డూ కప్పేస్తాయి. 80 నుంచి 300 దాకా శుభ్రంగా పలికే పెట్టె ఉంటే చెవి సంతోషంగా తక్కింది కల్పించుకుంటుంది. ఇళయరాజా పాటల్లో శశిధరన్ బేస్‌ను మనం చిన్న టేప్‌రికార్డర్లలోనే విని ప్రేమించామని మరిచిపోవద్దు.

ఇక మావాడి ప్రశ్న. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్, పక్కవాడికి తేడా తెలిసీ తెలియనంత. వినడానికి రెండింతలు అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి. అదే, ఒక్క వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిచినప్పుడు మూడు డెసిబెల్స్ ఎక్కువ పలికే పెట్టె దొరికితే ఆంపును రెట్టింపు చేసినట్టే. అందుకే పెట్టె ముందు అన్నాను.

ప్రార్థన కూటాలకు, ఇంట్లో సాధనకు అయితే ఆంపూ స్పీకరూ కలిసిన కాంబో చాలు. ఫెండర్ రంబుల్ 100 లాంటిది పది కిలోలు, 12 అంగుళాల స్పీకరు. డ్రమ్స్ ఉన్న చర్చి హాలుకు నేను విడి ఆంపునే ఎంచుకుంటాను: 300 నుంచి 500 వాట్ల క్లాస్ డి, దానికి 8 ఓమ్‌ల పెట్టె ఒకటి, 12 అంగుళాల స్పీకరుతో గానీ 10 అంగుళాలవి రెండుతో గానీ. 8 ఓమ్‌లనే పట్టుబట్టడానికి కారణముంది. రేపు డబ్బులు కూడాక అలాంటిదే ఇంకోటి పక్కన చేరిస్తే రెండూ కలిసి 4 ఓమ్‌లవుతాయి, ఆంపు తన పూర్తి శక్తి ఇస్తుంది, దాదాపు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. మొదటే 4 ఓమ్‌ల పెట్టె కొంటే చాలా ఆంపులకు రెండోది తగిలించే దారి మూసుకుపోయినట్టే.

కొట్లో గోడ మూల పెట్టి వినిపిస్తే మోసపోవద్దు. మూలన ఏ పెట్టైనా లావుగా మోగుతుంది. హాలు మధ్యలోకి, వీలైతే వాకిట్లోకి లాగించి వినండి. తిరునాళ్ళ మైదానంలో గోడలుండవు కనుక ఇంట్లో గర్జించింది అక్కడ గొణుగుతుంది. అక్కడ మన పెట్టె మనకు వినపడటానికి మాత్రమే, జనానికి చేరేది ఆంపు వెనక డీఐ సాకెట్టు నుంచి మిక్సరుకు, మిక్సరు నుంచి పెద్ద బాక్సులకు. డీఐ లేని ఆంపు ఎంత చవకైనా వద్దు.

ఇంకో మాట, అమెరికా చుట్టాలున్న ఇళ్ళకు. మా బంధువుల్లో ఒకాయన డాలస్ నుంచి ముచ్చటపడి ఒక ఆంపు మోసుకొచ్చాడు. దాని వెనక 120 వోల్టులని చిన్న అక్షరాల్లో ఉంది. చదవకుండా ప్లగ్గు పెట్టింది నేనే. ఒక టప్ మన్న శబ్దం, ఒక వాసన. ఇప్పుడది పూలకుండీ కింద బల్ల. 230 అనో, 100 నుంచి 240 అనో ఉంటేనే తెప్పించుకోండి.

మావాడు చివరికి 12 అంగుళాల నియోడిమియం పెట్టె కొన్నాడు, ఆంపు సంచీలో, పెట్టె బండి మీద ఇద్దరి మధ్యన. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బేస్ తీగలు ఆంపు ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి, పెదవులకు ఆనే మైకు వేరే లైను మీద ఉంటుంది. ఎర్త్ లేని పందిట్లో ఆ రెంటి మధ్య మీ ఒళ్ళే తీగ. మూడో పిన్ను విరిచి గోడకు గుచ్చిన ప్లగ్గు కనపడితే, కచేరీ ఎంత ఆలస్యమైనా సరే, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ చూసేదాకా గిటారు మెడలో వేసుకోకండి.